మూలలో ఉండవలసిన ముద్ర

లిఫ్టు తలుపుకు పిడి ఉంది.

పెన్సిలమ్మ దానిని చూసింది, తడిమింది, పట్టుకుని ఒకసారి లాగింది. జానెడు పొడవున్న స్టీలు పిడి. తలుపు అంచున, నడుముకు కొంచెం పైన, నాలుగు మరలతో బిగించిన పిడి. తరువాత ఆమె తన చేతిలోని ఫోటోను చూసింది. ఫోటోను చూసిన కళ్ళతోనే మళ్ళీ తలుపును చూసింది. చెవి వెనుక దోపుకున్న పెన్సిలును తీసి, చిన్న పుస్తకంలో ఒకే ఒక్క మాట రాసుకుంది: పిడి.

మధ్యాహ్నం రెండు గంటల నలభై నిమిషాలు. రేపు ఉదయం పదకొండు గంటలకు విచారణ. మధ్యన మిగిలినవి ఇరవై గంటల ఇరవై నిమిషాలు.

ఆమె పక్కనే లిఫ్టు మెకానిక్ నిలబడి ఉన్నాడు. పంతొమ్మిదేళ్ళుగా ఆ పని తప్ప మరో పని ఎరగని మనిషి. పన్నెండు రోజుల కిందట ఇదే తలుపు తెరిచి, లిఫ్టు ఉందనుకుని అడుగు వేసి, రెండో అంతస్తులో ఉండే భూగోళం మాస్టారు అడుగున ఉన్న గోతిలో పడ్డారు. కాలు రెండుచోట్ల విరిగింది. ప్రాణానికి భయం లేదు. నిన్న కర్ర ఊతంతో నాలుగు అడుగులు వేశారట. కానీ మెకానిక్ హెచ్చరిక బోర్డు పెట్టకపోవడమే కారణమని అందరూ తేల్చేశారు. రేపటి విచారణలో అతని లైసెన్సు రద్దయితే, ఆ చేతులు ఇక ఏ లిఫ్టునూ ముట్టుకోకూడదు.

"మళ్ళీ చెప్పు తమ్ముడూ. మొదటినుంచి. టైములతో సహా."

"ఎన్నిసార్లు చెప్పాలక్కా?"

"నాకు అనుమానం తీరేదాకా."

మెకానిక్ గట్టిగా ఊపిరి పీల్చాడు. "మూడూ యాభైకి సామానుతో వచ్చాను. ఈ తలుపు తాళం పాడైంది. దాన్ని విప్పి తీశాను. తాళం లేకపోతే లిఫ్టు కింద లేకపోయినా తలుపు తెరుచుకుంటుంది. అందుకే పిడికి గొలుసు చుట్టి బోర్డు వేలాడదీశాను. పసుపు రేకు బోర్డు, ఎర్ర అక్షరాలు. 'మరమ్మతులో ఉంది, తెరవద్దు' అని. తర్వాత పైన మిషను గదికి వెళ్ళాను. నాలుగూ ఇరవై ఒకటికి కేక వినపడింది. దిగి వచ్చేసరికి బోర్డూ లేదు, గొలుసూ లేదు."

"ఆ రోజు నిన్నెవరైనా తొందరపెట్టారా?"

"మేనేజరుగారు. మూడుంబావుకి తాళం చూసి సామాను కోసం వెళ్తుంటే, మూడో అంతస్తు ఫ్లాటు చూడ్డానికి నాలుగుంబావుకి ఎవరో వస్తున్నారు, ఈలోగా పని కానివ్వు అన్నారు. కాదు సార్, రెండు గంటలు పడుతుంది అన్నాను. మొహం మాడ్చుకున్నారు."

పెన్సిలమ్మ తల ఊపింది. ముప్పై ఏళ్ళపాటు ఫోటో స్టూడియోలో కూర్చుని, నెగటివ్‌ల మీద పెన్సిలు మొనతో ముడతలు చెరిపి, మచ్చలు మాపి, వచ్చినవాళ్ళందరికీ ఉన్నదానికన్న ఒక పాలు ఎక్కువ అందం పంచిపెట్టిన చెయ్యి ఆమెది. స్టూడియో మూతపడ్డాక ఆమె అపరాధ పరిశోధనలోకి వచ్చింది. పెన్సిలు మారలేదు; పనే తలకిందులైంది. అప్పుడు చెరిపేది, ఇప్పుడు చెరిపినదాన్ని వెతుకుతోంది.

వెనుక నుంచి బూట్ల చప్పుడు వినిపించింది.

"మీరింకా ఇక్కడే ఉన్నారా, పెన్సిలమ్మగారూ? నా రిపోర్టు పొద్దున్న తొమ్మిదీ పదికే వెళ్ళిపోయింది."

తిరిగి చూడనక్కరలేదు. నిమిషాలతో మాట్లాడే మనిషి ఒక్కడే ఉన్నాడు. బీమా కంపెనీ తరపు పరిశోధకుడు. మణికట్టుకు ఒక గడియారం, అది ఆగిపోతే చూసుకోవడానికి చొక్కా జేబులో ఇంకొకటి. అందరూ అతన్ని గడియారం సారు అంటారు. అతని ముందు కూడా అంటారు, అతను సంతోషిస్తాడు. అతని వెనుకే భవనం మేనేజరు చేతులు నలుపుకుంటూ వచ్చాడు. ముంజేతుల దగ్గర బొత్తాములు పెట్టిన పొడుగు చేతుల చొక్కా, ఎవరిని చూసినా విచ్చుకునే నవ్వు.

"తొందరగానే పంపారు. మంచిది, వెనక్కి తెప్పించుకోవడానికి వ్యవధి ఉంటుంది," అంది పెన్సిలమ్మ.

"నేను ఆ టైములో బ్యాంకులో ఉన్నానండీ," అన్నాడు మేనేజరు. "మూడున్నర నుంచి నాలుగున్నర దాకా అసలు బిల్డింగులోనే లేను. సారుకి రాసి సంతకం కూడా పెట్టిచ్చాను."

"మిమ్మల్ని నేనింకా ఏమీ అడగలేదే?"

"అడుగుతారేమోనని."

గడియారం సారు చేయెత్తి మేనేజరును ఆపాడు. "ఆయన సంగతి వదిలెయ్యండి. మీ దగ్గరున్న ఆ ఫోటో ఒక్కటి చాలు. ఎవరో మెట్లమ్మాయట, మెట్లు కనపడితే చాలు ఫోటోలు తీసి అందరికీ పంచే అమ్మాయి. ఆ రోజు ఇక్కడ తీసి, ఆ రాత్రే నెట్లో పెట్టింది. కుడివైపు మెట్లు, పైన గోడ గడియారం, ఎడమవైపు లిఫ్టు తలుపు. గడియారంలో నాలుగూ పది. కెమెరా వేసిన టైము కూడా నాలుగూ పదే, నెట్లోని ఫోటో వివరాల్లో నేనే సరిచూశాను. తలుపు మీద బోర్డు ఉందా? లేదు. కేసు అయిపోయింది."

"ఫోటోలో తలుపు మీద ఆ అమ్మాయి వాటర్‌మార్కు ముద్ర ఉంది."

"ఆ వాటర్‌మార్కు పుణ్యమే ఇదంతా! సరదాకి తీసేవాళ్ళు పేరు లేకుండా వదిలేస్తారు. అవి నలుగురి చేతులూ మారాక ఎవరివో, ఎప్పటివో దేవుడికే తెలియాలి. ఈ పిల్ల బుద్ధిగా పేరు వేసుకుంది కాబట్టి ఒక్క పూటలో దొరికింది."

"నేను కూడా ఆ ముద్రను పట్టుకునే వచ్చాను," అంది పెన్సిలమ్మ. "ఒక చిన్న ప్రశ్న. మాస్టారు ఈ తలుపును ఎలా తెరిచారు?"

"ఇదేం ప్రశ్న? పిడి పట్టుకుని."

"ఏ పిడి?"

ఆమె ఫోటోను తలుపు పక్కన ఎత్తి పట్టుకుంది. గడియారం సారు వంగి చూశాడు. మేనేజరు కూడా మెడ సాచాడు. ఫోటోలో తలుపు నున్నగా, నిండుగా, ఒక పలకలా ఉంది. మీద పలుచని తెల్లని అక్షరాలు: మెట్లమ్మాయి. పక్కన మూడు మెట్ల బొమ్మ.

"ముద్ర కింద ఉండి ఉంటుంది," అన్నాడు గడియారం సారు.

"ఈ ముద్ర పలుచనిది. అక్షరాల సందుల్లోంచి తలుపు కనిపిస్తూనే ఉంది. పిడి జానెడు పొడవు, ముద్ర ఆ లెక్కన బెత్తెడు ఎత్తు. పైనా కిందా పిడి కొసలు కనిపించాలి కదా?"

"వెలుతురు పడి మాసిపోయి ఉంటుంది."

"మరలు నాలుగూ మాసిపోయాయా?"

గడియారం సారు మణికట్టు చూసుకున్నాడు. చిక్కులో పడ్డప్పుడల్లా అతను చేసే పని అదే.

"నా సాక్షిని మీరు కంగారు పెట్టకూడదు," అన్నాడు చివరికి.

"మీ సాక్షి ఎక్కడ పనిచేస్తుందో చెప్పినందుకు థాంక్సండీ."

"నేనెక్కడ చెప్పాను?"

"మీ ఫైలు మీద రాసి ఉంది. పెద్ద అక్షరాలతో, అందంగా రాస్తారు మీరు."

*

పక్క వీధిలోనే ఉంది ఆ ల్యాబు. కట్టుడు పళ్ళు తయారుచేసే చోటు. గుమ్మం దాటగానే అరల నిండా ప్లాస్టరు దవడలు; కొన్ని మూసుకుని, కొన్ని తెరుచుకుని, వచ్చినవాళ్ళను చూసి ఏదో అనబోయి ఆగినట్టు. మైనం కరిగిన వాసన. ఒక మూల, పళ్ళకు మెరుగుపెట్టే యంత్రం కీచుమని అరుస్తూ తిరుగుతోంది.

మెట్లమ్మాయికి పాతికేళ్ళుంటాయి. చిన్న చాకుతో ఒక మైనపు పన్నును చెక్కుతోంది. బల్ల కింద మేకుకు కెమెరా సంచి వేలాడుతోంది.

"మీరు బాగా తీస్తారమ్మా," అంది పెన్సిలమ్మ స్టూలు లాక్కుని కూర్చుంటూ. "పొద్దున్నుంచీ మీ మెట్లే ఎక్కి దిగుతున్నాను. మోకాళ్ళు నొప్పి పుట్టాయి."

అమ్మాయి నవ్వింది. "అన్నీ చూశారా అండీ?"

"రెండు వందల పన్నెండూ. ఈ వాటర్‌మార్కు ఎప్పటినుంచి వేస్తున్నారు?"

"మొదటినుంచీ కాదండీ. మొదట్లో ఊరికే పెట్టేసేదాన్ని. ఒకరోజు సెలూన్‌కి వెళ్తే గోడమీద క్యాలెండరు. ఏదో రంగుల డబ్బాల కంపెనీది. అందులో నా మెట్లు! జుట్టు సగం కత్తిరించి ఉంది, అలాగే లేచి నిలబడి 'అవి నా మెట్లు, నా మెట్లు' అని అరిచాను. ఆ అమ్మాయి కత్తెర కింద పెట్టి, మంచినీళ్ళు తాగమంది."

"తాగారా?"

"తాగాను. ఏం చెయ్యను? నావని చూపించడానికి దానిమీద ఏముంది? ఆ రాత్రే కూర్చుని పాతవాటితో సహా అన్నిటికీ ముద్ర వేశాను. మా అక్క అయితే 'నీ ఫోటోలేమైనా బంగారమా, తాళం వెయ్యడానికి' అంటుంది. మా ఓనరుగారు ఇంకా నయం. 'నేను చేసిన పళ్ళమీద నా పేరు వేసుకుంటున్నానా' అంటారు."

"ఆయన పళ్ళు ఒకరి నోట్లో భద్రంగా ఉంటాయి. మీ ఫోటోలు వందమంది నోళ్ళలో నానుతాయి."

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు చల్లారకముందే పెన్సిలమ్మ తన పుస్తకం తెరిచింది.

"రెండు వందల పదకొండు ఫోటోల్లో ముద్ర ఒకే చోట ఉంది. కుడి పక్క, కింది మూల, అంచుకు వేలెడు దూరంలో. మిగిలింది ఒక్కటి. దానిలో మాత్రం ముద్ర మూల విడిచి, మెట్లు విడిచి, ఎడమవైపు తలుపు మీదికి వెళ్ళి కూర్చుంది. ఎందుకమ్మా?"

చాకు ఆగింది.

"అక్కడైతే... బాగుంటుందనిపించింది."

"మేం స్టూడియోలో పనిచేసేటప్పుడు మా యజమాని కూడా అలాగే అనేవాడు. ప్రింటు మీద స్టూడియో ముద్ర ఎప్పుడూ కింద మూలలో కొట్టేవాడు. నెగటివ్ మీద గీత పడిందనుకోండి, ఆ గీత ఎక్కడ పడితే అక్కడే కొట్టేవాడు. అడిగితే 'ఇక్కడైతే బాగుంటుంది' అనేవాడు. చోటు మారిన ముద్ర కనిపిస్తే నేను దాని కిందికే చూస్తాను. అలవాటైపోయింది."

అమ్మాయి చాకును బల్లమీద పెట్టింది. మూలనున్న యంత్రం మాత్రం కీచుమంటూనే ఉంది. ఉన్నట్టుండి అది కూడా ఆగింది.

ఇద్దరూ అటు చూశారు. మెకానిక్ ఎప్పుడు లోపలికి వచ్చాడో, యంత్రం ముందు మోకాళ్ళమీద కూర్చుని, జారిపోయిన బెల్టును సరిచేస్తున్నాడు. బొటనవేలితో చక్రాన్ని ఒక చుట్టు తిప్పి, చెవి ఒగ్గి విని, స్విచ్ వేశాడు. యంత్రం మెత్తగా, గొణిగినట్టుగా తిరిగింది.

"ఏమనుకోవద్దమ్మా," అన్నాడు సిగ్గుపడుతూ. "ఆ చప్పుడు వింటూ బయట నిలబడలేకపోయాను."

"మూడు నెలల నుంచీ అలాగే అరుస్తోందన్నా! చాలా థాంక్స్. మీరు...?"

"లిఫ్టు మెకానిక్‌ని."

మెట్లమ్మాయి ముఖంలో రంగు మారింది. పెన్సిలమ్మ గొంతు తగ్గించింది.

"ఆయన బోర్డు పెట్టలేదని మీ ఫోటో చెబుతోంది. రేపు పదకొండింటికి దాన్ని చూపించి ఆయన లైసెన్సు తీసేస్తారు. ఇక ఆయన ఇలాంటి బెల్టు కూడా ముట్టుకోలేడు."

"నాకు... నాకు తెలీదండీ. ఎవరో సారు ఫోన్ చేశారు. బీమా కోసం అన్నారు. ఫోటో ఎన్నింటికి తీశారు అన్నారు. నాలుగూ పది అన్నాను. ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. అంతే." ఆమె బల్ల కింది కెమెరా సంచి వైపు చూసింది. "అంతే కాదు. మనసులో ఒక మూల పీకుతూనే ఉంది. వాళ్ళు అడిగితే చెబుదామనుకున్నాను. అడగలేదు కదా అని ఊరుకున్నాను."

సరిగ్గా అప్పుడే గుమ్మంలో బూట్ల చప్పుడైంది.

"మూడూ యాభై రెండు!" గడియారం సారు ఆయాసపడుతున్నాడు. "నేను వద్దని గంటైనా కాలేదు, మీరిక్కడ ఉన్నారు. నా సాక్షి చేత ఏం చెప్పిస్తున్నారు?"

"మీరు అడగనిది," అంది పెన్సిలమ్మ.

"ఏం అడగలేదు నేను?"

మెట్లమ్మాయి లేచి నిలబడింది. అరల్లోని దవడలన్నీ ఆమె వెనుక వరుసగా నిలిచాయి. "సార్, మీరు నన్ను టైము అడిగారు. బోర్డు సంగతి అడగలేదు. బోర్డు ఉంది సార్. నేనే చెరిపేశాను."

గడియారం సారు నోరు తెరిచాడు. ఆ గదిలో తెరుచుకున్న దవడలకు మరొకటి కలిసింది.

"తెల్లని మెట్లు, బూడిదరంగు తలుపు, చల్లని వెలుతురు. వాటి మధ్య ఆ పసుపు బోర్డు పంటికింద రాయిలా ఉంది సార్. కంప్యూటర్లో దాన్ని చెరిపేశాను. గొలుసు పిడికి చుట్టి ఉంది కదా, గొలుసుతో పాటు పిడి కూడా పోయింది. చెరిపినచోట మసకగా మరక కనపడుతోంది. మరక కనపడకుండా దానిమీద నా ముద్ర వేశాను." ఆమె కళ్ళు తుడుచుకుంది. "అక్కడితో ఆపినా బాగుండేది. మా ఫోటో క్లబ్బులో నెలనెలా పోటీ పెడతారు. 'చెరపని చిత్రం' అని. ఏదీ తీయకూడదు, ఏదీ కలపకూడదు. దానికి పంపేశాను. గెలిచింది. వచ్చే వారం లైబ్రరీ హాల్లో గోడంత పెద్దది చేసి పెడుతున్నారు. నా జీవితంలో మొదటిసారి."

ముందుగా మెకానికే అన్నాడు: "బోర్డు నిజంగానే బాగోలేదమ్మా. ఆ అక్షరాలు నేనే రాశాను."

అమ్మాయికి ఏడుపులో నవ్వొచ్చింది.

"అసలు ఫోటో ఉందా?" అంది పెన్సిలమ్మ.

"నేను ఏ ఫోటో తీసెయ్యనండీ. పాడైపోయినవి కూడా."

*

ఆమె కెమెరా సంచి విప్పింది. అక్క వాడి ఇచ్చిన పాత కెమెరా. దాని క్లిక్ వీధి చివరికి వినబడుతుందని ల్యాబులో ఎగతాళి. కార్డు తీసి కంప్యూటర్లో పెట్టింది. తెర మీద ఆ వరండా, ఆ మెట్లు, ఆ గోడ గడియారం. నాలుగూ పది. తలుపుకు పిడి, పిడికి గొలుసు, గొలుసుకు పసుపు బోర్డు. ఎర్ర అక్షరాలు వంకరటింకరగా, కానీ ఒక్కటి కూడా తప్పిపోకుండా: మరమ్మతులో ఉంది, తెరవద్దు.

మెకానిక్ బల్ల అంచు పట్టుకున్నాడు. పన్నెండు రోజులుగా బిగపట్టిన ఊపిరి అప్పుడు వదిలాడు.

గడియారం సారు కుర్చీ లాక్కుని, జేబులోంచి రెండో గడియారం కూడా తీసి బల్లమీద పెట్టి, కార్డులోని వివరాలన్నీ ఒక్కొక్కటే చూశాడు. ముందు తీసిన ఫోటోల టైములతో పోల్చి చూశాడు. పావుగంట పట్టింది. పెన్సిలమ్మ తొందరపెట్టలేదు. ఆ మనిషి మొండివాడే కాని దొంగ కాడని ఆమెకు తెలుసు.

"కల్పించింది కాదు," అన్నాడు చివరికి. గొంతులో గరుకు తగ్గింది. "గోడ గడియారం కూడా కలిసింది. నేను సరిచూసిన టైమే నన్ను తప్పు పట్టింది." ఆగి, మళ్ళీ అన్నాడు: "అయితే నాలుగూ పదికి ఉన్న బోర్డు నాలుగూ ఇరవై ఒకటికి ఎలా పోయింది?"

"ఇంకొక ఫోటో ఉంది సార్. తర్వాతది."

నాలుగూ పన్నెండు. అదే వరండా. కానీ ఎడమ అంచున అడ్డంగా ఒక చెయ్యి. పొడుగు చేతుల చొక్కా, ముంజేతి దగ్గర బొత్తాము. వేళ్ళు గొలుసు మీద. బోర్డు సగం చుట్టు తిరిగి ఉంది. ముఖం ఫోటో బయటే ఉండిపోయింది.

"ఎవరో అడ్డొచ్చారని విసుక్కుని వచ్చేశాను," అంది అమ్మాయి. "మనిషిని చూడలేదు. నేను కెమెరాలో మెట్లే చూస్తున్నాను."

"చెయ్యి ఎవరిదైనా కావచ్చు," అన్నాడు గడియారం సారు. "ఇలాంటి చొక్కాలు ఊరినిండా ఉన్నాయి. నేనూ అదే వేసుకున్నాను."

"ముందు మొదటి ఫోటో సంగతి చూద్దాం," అంది పెన్సిలమ్మ. "మెకానిక్ బయటపడడానికి అది చాలు."

మెట్లమ్మాయి చాలాసేపు తెరవైపు చూసింది. తరువాత చిన్న గొంతుతో అడిగింది: "నా పేరు లేకుండా ఇవ్వొచ్చా అండీ?"

ఈ ప్రశ్నకు గడియారం సారే జవాబు చెప్పాడు. "ఇవ్వొచ్చు. కానీ రేపు విచారణలో 'ఇది ఎవరు తీశారు' అంటారు. ఎవరూ లేవరు. 'మరి పేరున్న ఫోటోలో బోర్డు లేదే' అంటారు. పేరున్నదే గెలుస్తుంది."

పెన్సిలమ్మ తన పుస్తకం మూసింది. ఇది ఆ అమ్మాయి ఒక్కతే తేల్చుకోవలసిన లెక్క. ఒకవైపు లైబ్రరీ హాల్లో గోడంత ఫోటో. మరొకవైపు మూడు నెలలుగా అరిచి, ఇప్పుడే నోరు మూసుకున్న యంత్రం.

మెట్లమ్మాయి కుర్చీ ముందుకు లాక్కుంది. చెరపని ఫోటోను తెరిచింది. తన ముద్రను తెచ్చింది. ఒక్క క్షణం ఆ తెల్లని అక్షరాలు బోర్డు మీద తచ్చాడాయి. తరువాత నెమ్మదిగా జరిగి, మెట్లు దాటి, కుడి పక్క కింది మూలకు, అంచుకు వేలెడు దూరానికి వచ్చి ఆగాయి.

దాని కింద ఆమె ఇలా రాసింది: "ఇంతకుముందు నేను పెట్టిన ఫోటోలో ఒక బోర్డును చెరిపి, ఆ మరక మీద నా ముద్ర వేశాను. తప్పు నాది. అసలు ఫోటో ఇదిగో. బోర్డు పెట్టిన మనిషి తన పని తాను సరిగ్గా చేశాడు. క్లబ్బువాళ్ళకు నా బహుమతి తిరిగి ఇచ్చేస్తున్నాను."

ఐదు గంటల రెండు నిమిషాలకు ఆమె వేలు మీట మీద పడింది. ఒక్క ఫోటోనే పెట్టింది. రెండోది కార్డులోనే ఉంది.

"చెయ్యి పొరపాటున జారితే మళ్ళీ చెరిపేస్తావేమోనని భయపడ్డాను," అంది పెన్సిలమ్మ. మీరు పోయి నువ్వు వచ్చింది. అమ్మాయి గమనించి తలవంచుకుంది, ఈసారి సిగ్గుతో.

మొదటి జవాబు క్లబ్బు కార్యదర్శి నుంచి వచ్చింది. మెట్లమ్మాయి కళ్ళు మూసుకుని, "మీరే చదవండన్నా," అని ఫోను మెకానిక్ చేతికిచ్చింది.

అతను కూడబలుక్కుంటూ చదివాడు. "బహుమతి వెనక్కి తీసుకున్నాం. ఇంత చెప్పడానికి ధైర్యం కావాలి. వచ్చే నెల పోటీకి తప్పకుండా పంపు. చెరపకుండా."

ఆమె ఏదో అనబోయింది. కానీ అప్పుడే గడియారం సారు ఫోను మోగింది. పేరు చూసి, కనుబొమ్మలు ముడిచి, అందరికీ వినబడేలా పెట్టి బల్లమీద ఉంచాడు.

"సార్, నేనే, మేనేజర్ని. ఆ మెట్లమ్మాయి ఏదో పెట్టిందట కదా. ఎవరో పంపించారు. బోర్డు ఉన్నట్టు."

"చూశాను. చెప్పండి."

"అదంతా మార్చింది కదా సార్? కంప్యూటర్లో ఏదైనా చేస్తారు ఈ కాలం పిల్లలు. మీ రిపోర్టుకేం ఇబ్బంది లేదు కదా?"

"చూద్దాం."

ఆ గొంతు తగ్గింది, నున్నగా మారింది. "సార్... ఆ రెండోది కూడా ఉందా ఆమె దగ్గర?"

గడియారం సారు కదలలేదు. పెన్సిలమ్మ పెన్సిలు గాలిలో ఆగింది.

"రెండోదా? ఏ రెండోది?"

"అదే సార్, రెండో ఫోటో. రెండుసార్లు క్లిక్‌మంది కదా అప్పుడు—"

మాట తెగింది. ఫోను అవతల ఊపిరి ఒక్కటే వినిపించింది. అంతలో అది కూడా ఆగిపోయింది. ఫోను పెట్టేశాడు.

"ఐదూ తొమ్మిది," అన్నాడు గడియారం సారు, మణికట్టు చూడకుండానే. ఫైలు తెరిచి, ఒక కాగితం బయటికి లాగాడు. "మూడున్నర నుంచి నాలుగున్నర వరకు నేను భవనంలో లేను. కింద సంతకం. నా ఎదురుగానే పెట్టాడు." అతని మెడ ఎర్రబడింది. "బ్యాంకులో కూర్చున్నవాడికి ఆ క్లిక్ ఎలా వినపడింది?"

"ఫ్లాటు చూడ్డానికి వచ్చేవాళ్ళు మరమ్మతు బోర్డు చూడకూడదనుకున్నాడు," అంది పెన్సిలమ్మ. "ఐదు నిమిషాలు తీసి మళ్ళీ పెడదామనుకుని ఉంటాడు. ఈలోగా మాస్టారు వచ్చారు."

"బోర్డు రేకుది," అన్నాడు మెకానిక్ మెల్లగా. "కాలదు, చిరగదు. ప్రమాదం అయినప్పటినుంచీ పోలీసులూ మీరూ రోజూ వస్తూ పోతుంటే బయటికి తెచ్చే ధైర్యం చేసి ఉండడు. బిల్డింగులోనే ఎక్కడో ఉంది."

"ఇప్పటిదాకా ఉంది," అంది పెన్సిలమ్మ. అప్పటికే ఆమె లేచింది.

గడియారం సారు బల్లమీది గడియారాన్ని జేబులో వేసుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి, ఆమె వైపు చూడకుండా చెయ్యి చాచాడు. "ఒక పెన్సిలు ఉంటే ఇవ్వండి. కొత్త రిపోర్టు రాయాలి. కలంతో రాసింది కొట్టేస్తే అసహ్యంగా ఉంటుంది."

చెవి వెనుకది ఇచ్చి, సంచిలోంచి మరొకటి తీసి చెవి వెనుక దోపుకుంది ఆమె.

మెట్లమ్మాయి కెమెరాలో కార్డు వేసుకుని మెడలో తగిలించుకుంది. మెకానిక్ పక్కన నడుస్తూ అన్నాడు: "ఈసారి మా బోర్డు మీద ముద్ర వెయ్యకమ్మా."

"మూలలోనే వేస్తానన్నా. ఒట్టు."

నలుగురూ వీధి మలుపు తిరిగేసరికి ఐదూ పదహారు. ఎండ ఇంకా ఉంది. భవనం పక్క గేటు సగం తెరిచి ఉంది. అందులోంచి మేనేజరు వెనక్కి వెనక్కి నడుస్తూ బయటికి వస్తున్నాడు. చంకలో పాత దుప్పటి చుట్టిన పలకలాంటి వస్తువు. దుప్పటి ఒక కొస జారి ఉంది. జారినచోట వేలెడు మేర పసుపు రంగు. దాని కింద నేలను రాసుకుంటూ ఒక గొలుసు.

ఎవరూ కేక వెయ్యలేదు. మెట్లమ్మాయి ఆగి, కాళ్ళు నిలదొక్కుకుని, కెమెరాను కంటికి ఆనించింది. ఈ ఒక్కసారి ఆమె మెట్లను చూడలేదు.

క్లిక్‌మంది. మళ్ళీ క్లిక్‌మంది.

గేటు దగ్గర మేనేజరు నిలువునా ఆగిపోయాడు. తల ఇంకా ఇటు తిప్పలేదు. ఆ చప్పుడు అతను ఇదివరకు విన్నదే.